నల్లమలలో చెంచు పెంటల వైపు వెళ్తున్నారా? నేను చేసిన తప్పు మీరు చేయకండి

వేసవిలో నలుగురు స్నేహితులతో నల్లమలకు వెళ్లి చెంచు పెంటలు (అడవిలో చెంచు గిరిజనుల చిన్న గూడేలు) కూడా చూడాలనుకుంటున్నామని, ఏం జాగ్రత్తలు తీసుకోవాలని అడిగారు. పాములు, పులుల గురించి ఎవరైనా చెబుతారు. నేను నా తప్పు ఒకటి చెబుతాను.

ఆరేళ్ల క్రితం అమ్రాబాద్ వైపు అనుమతి తీసుకుని ఒక చెంచు పెద్దాయన వెంట నడిచాం. మండుటెండలో ఆయన బండల చాటున ఉన్న చిన్న చెలమ చూపించి, దోసిలితో పైపైన తీసుకుని తాగమన్నారు. చుట్టూ దుప్పుల అడుగులు. పదిమందికీ పనికొస్తుందని, ఇంటికొచ్చాక ఆ చోటును ఫొటోతో సహా మ్యాప్‌లో పెట్టేశాను. మరుసటేడు వెళ్తే అక్కడ షాంపూ ప్యాకెట్లు, ఖాళీ సీసాలు, నీళ్ల మీద నురగ. పెంటలో ఆడవాళ్లు నీళ్లకు ఇంకా దూరం నడుస్తున్నారు. పెద్దాయన తిట్టలేదు. "మీకు దాహమైతదని చూపించిన సారూ" అన్నారు, అంతే. మ్యాప్‌లోంచి వెంటనే తీసేశాను. అప్పటికే చాలామంది సేవ్ చేసుకున్నారు.

కాబట్టి చెలమలు, తేనె బండలు, మందు చెట్లు ఎక్కడున్నాయో దయచేసి ఎక్కడా పెట్టకండి. తేనె సంగతే చూడండి. చెంచులు కొండ అంచు నుంచి తాడు మీద దిగి పట్టు కోస్తారు. పైన తాడు పట్టుకునేది బామ్మర్ది. అక్కచెల్లెలి పసుపుకుంకుమల కోసమైనా తాడు వదలడని నమ్మకం. పట్టు మొత్తం కోయకుండా కొంత వదిలేస్తారు. ఇవన్నీ వాళ్లు చెబితే కూర్చుని వినండి. అడగకుండా వీడియో తీయకండి.

అమ్రాబాద్ అడవి పులుల అభయారణ్యం, సొంతంగా లోపలికి నడవడం కుదరదు. మన్ననూరు, ఫరహాబాద్ దగ్గర అటవీశాఖ సఫారీ ఉంది. పెంటకు వెళ్లాలంటే ముందు అనుమతి, తర్వాత పెంట పెద్దల ఒప్పుదల. గైడ్‌గా చెంచులనే పెట్టుకుని డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి. 2019లో యురేనియం తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడు అడవి కోసం వీళ్లూ రోడ్డెక్కారు. మనం చూడబోయేది వాళ్లు కాపాడుకున్న ఇల్లు.

చైత్ర పౌర్ణమికి ఇదే అడవి లోపల జరిగే సలేశ్వరం శివుడి జాతరకు వెళ్లినా ఇదే వర్తిస్తుంది. అక్కడ లింగమయ్యకు పూజారులు చెంచులే.

నీళ్లు మాత్రం మనిషికి నాలుగు లీటర్లు మీరే మోసుకెళ్లండి. ఎండాకాలం ఆ చెలమల్లో ఊరేది వాళ్లకూ దుప్పులకే చాలదు.