రూమ్మేట్ బాధంతా ఒక్కరే మోస్తుంటే

విదేశానికి చదువుకోడానికి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి మొన్న నన్ను అడిగింది. "అన్నా, మా రూమ్మేట్ నెల రోజులుగా క్లాసులకి సరిగ్గా వెళ్ళట్లేదు, రోజూ రాత్రి రెండింటిదాకా నాతో చెప్పుకుని ఏడుస్తుంది, ఇప్పుడు నాకే నిద్ర పట్టట్లేదు, ఏం చేయను?"

మాస్టర్స్ చేసేటప్పుడు నేనూ సరిగ్గా ఇదే చేశాను. నాతో ఉండే ముగ్గురు రూమ్మేట్ల కష్టాలూ నేనే వినేవాణ్ణి, గొప్పగా కూడా అనిపించేది, చివరికి సెమిస్టర్ మధ్యలో పుస్తకం తెరిస్తే ఒక్క లైను ఎక్కేది కాదు, ఎవరైనా తలుపు కొడితే చిరాకు. అసలు 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు బర్నౌట్ (మనసూ ఒళ్ళూ పూర్తిగా అలిసిపోవడం) గురించి రాసింది కూడా ఒక ఉచిత క్లినిక్కులో పక్కవాళ్ళకి సాయం చేసి చేసి అలిసిపోయినవాళ్ళ గురించే. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసిందనుకోండి.

వినడం మానేయమని కాదు. తెలుగులో మనసు విప్పి చెప్పుకోడానికి ఒక మనిషి దొరకడమే పెద్ద ఊరట. కానీ ఇంకో ఇద్దరు స్నేహితుల్ని కలుపుకోండి, ఆమెకి చెప్పే కలుపుకోండి, చాటుగా కాదు. రాత్రి పదకొండు దాటితే "రేపు మాట్లాడుకుందాం" అనడం తప్పు కాదు. కౌన్సెలింగ్‌కి వెళ్ళమని ఊరికే సలహా ఇస్తే ఎవరూ వెళ్ళరు, పక్కన కూర్చుని అపాయింట్‌మెంట్ బుక్ చేయించి, మొదటిసారి తోడు వెళ్ళి బయట కూర్చోండి. ఊళ్ళో అమ్మానాన్నలకి తెలిసిపోతుందని మనవాళ్ళకి భయం. మామూలుగా కౌన్సెలర్‌తో చెప్పింది బయటికి పోదు, ప్రాణాపాయం లాంటి సందర్భాల్లో తప్ప. ఆ నియమాలేమిటో మొదటి రోజే అడగొచ్చు.

భరించలేక ఎవరికీ చెప్పకుండా కోర్సులు డ్రాప్ చేసేవాళ్ళున్నారు, అది మాత్రం వద్దు. చాలా దేశాల్లో స్టూడెంట్ వీసా ఫుల్ టైమ్ చదువుతో ముడిపడి ఉంటుంది కాబట్టి ముందు యూనివర్సిటీలో ఉండే ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసులో అడగాలి. ఆరోగ్య కారణాలకి సెలవో, కోర్సులు తగ్గించుకోడమో కుదురుతుందేమో వాళ్ళే చెబుతారు, డాక్టర్ లెటర్ అడగొచ్చు.

ఒకవేళ చచ్చిపోవాలనుంది అని అంటే, "ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయించుకున్నా సరే, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి. ఒంటరిగా వదలకుండా వెంటనే అక్కడి ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయండి.

ఇంతా చెప్పాక ఆ అమ్మాయి "సరే అన్నా, రేపే దాన్ని తీసుకెళ్తా" అంది. రెండు అపాయింట్‌మెంట్లు తీసుకో, ఒకటి నీ పేరు మీద అన్నాను.