హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి విమానంలో దూరం ఎంత? ఎంతసేపు పడుతుంది?

శంషాబాద్ నుంచి వైజాగ్‌కి సూటిగా గీత గీస్తే సుమారు 510 కి.మీ. టికెట్ మీద గంటా పది నిమిషాల నుంచి గంటా ఇరవై దాకా చూపిస్తుంది. అది విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ మళ్లీ ఆగేదాకా లెక్క. గాల్లో ఉండేది గంట లోపే. చిన్న ఏటీఆర్ విమానమైతే ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు ఎక్కువ వేసుకోండి, దాని వేగం తక్కువ. బుక్ చేసేటప్పుడు విమానం రకం అక్కడే రాసి ఉంటుంది, ఎవరూ చూడరు.

మాది వైజాగ్, ఉద్యోగం హైదరాబాద్‌లో. పండక్కీ పబ్బానికీ ఈ దారే కాబట్టి చెప్తున్నా, ఆ గంటని నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి. మియాపూర్, కూకట్‌పల్లి వైపు నుంచి ఔటర్ మీదుగా వెళ్లినా శంషాబాద్‌కి గంట పైనే. చెకిన్ బ్యాగేజీ ఉంటే కౌంటర్ గంట ముందే మూసేస్తారు, అంటే గంటన్నర ముందు అక్కడ ఉండాలి. డిజియాత్ర (ముఖం చూసి లోపలికి పంపే యాప్) పెట్టుకుంటే గుమ్మం దగ్గర క్యూ తప్పుతుంది గానీ సెక్యూరిటీ క్యూ తప్పదు. అన్నీ కలిపితే ఇంటి నుంచి ఇంటికి దగ్గర దగ్గర ఐదు గంటలు.

వైజాగ్ వైపు మాత్రం హాయి. అక్కడి విమానాశ్రయం నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా స్థావరంలోనే ఉంది, అంటే ఊళ్లోనే ఉన్నట్టు లెక్క. ఎన్ఏడీ, గాజువాక వాళ్లు ఆటోలో ఇంటికి పోవచ్చు. పడమటి వైపు కొండలు అడ్డం కాబట్టి హైదరాబాద్ నుంచి వెళ్లే విమానం చాలాసార్లు ఊరు దాటి సముద్రం మీదకి వెళ్లి, వెనక్కి తిరిగి దిగుతుంది. ఆ చుట్టుకి కొన్ని నిమిషాలు పోతాయి, అయినా కిటికీ సీటు తీసుకోండి, నాకైతే టికెట్ డబ్బులు అక్కడే గిట్టుబాటవుతాయి. భోగాపురం కొత్త విమానాశ్రయానికి వెళ్లే ఫ్లైట్ అయితే ఈ సౌకర్యం ఉండదు, అక్కడి నుంచి ఊళ్లోకి రావడానికే గంట పైన పడుతుంది.

ఇంక రైలు. పట్టాలు విజయవాడ మీదుగా కిందకి దిగి, రాజమండ్రి వైపు మళ్లీ పైకి ఎక్కుతాయి. అందుకే 510 కాస్తా దాదాపు 700 కి.మీ. అవుతుంది. వందేభారత్‌లో ఎనిమిదిన్నర గంటలు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి రాత్రంతా పడుతుంది, కానీ ఆ రాత్రి ఎలాగూ పడుకునేదే కదా. పైగా సికింద్రాబాద్ స్టేషన్‌కి పావుగంట దూరంలో ఉండేవాళ్లకి శంషాబాద్ ప్రయాణం ఒక శిక్ష. ఒక్కరోజు పని, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయాలంటే విమానమే, వేరే దారి లేదు. మీరు దిగాల్సింది అనకాపల్లి, తుని అయితే మాత్రం రైలే ఎక్కండి, విమానం దిగి మళ్లీ వెనక్కి రావడం దండగ.