చీకటి పడకముందే బండి ఆపెయ్

చిరంజీవి చిన్నాకి అత్త ఆశీస్సులు.

జులై సెలవుల్లో పిల్లలిద్దర్నీ వేసుకుని జొహానెస్‌బర్గ్ నుంచి బోట్స్వానా, జింబాబ్వే కారులోనే చుట్టొస్తారని మీ నాన్న చెప్పాడు. గర్వంగానే ఉంది. అక్కడ ఉద్యోగాలు చేసిన మనవాళ్లలో చాలామంది జీతం తెచ్చుకున్నారే గానీ ఆ నేలని చూడలేదు. అయినా రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

కాగితాల సంగతి నీకు తెలుసు. తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, అద్దె కారు సరిహద్దు దాటొచ్చని రాసిచ్చిన ఉత్తరం. మలేరియా మందు డాక్టర్నడుగు. బోట్స్వానాలో పశువులకొచ్చే గాలికుంటు రోగం భయంతో పశువుల కంచెల దగ్గర ఆపి పచ్చి మాంసం ఉందా అని వెతుకుతారు, చెప్పులూ టైర్లూ మందునీళ్లలో తడిపిస్తారు. విసుక్కోకు. ముందు "దుమేలా" అని వాళ్ల భాషలో పలకరించు, తర్వాతే ఏదైనా అడుగు.

ఇక అసలు విషయం. ఫ్రాన్సిస్‌టౌన్‌లో మధ్యాహ్నం భోంచేసి రాత్రికి కసానే చేరతాం అని రాశావు. ఎవడు చెప్పాడ్రా నీకు? బోట్స్వానా ఉత్తరపు కొసకి, దాదాపు 490 కిలోమీటర్లు. జులైలో ఆరింటికల్లా పొద్దు గూకుతుంది. దారిలో నాటా అనే ఊరు దాటాక 300 కిలోమీటర్లు దాదాపు అంతా అడవే, ఆ దేశంలో ఏనుగులేమో 1,30,000 పైచిలుకు.

మీ మామయ్య ఫ్రాన్సిస్‌టౌన్‌లో లెక్కల మాస్టారుగా చేసే రోజుల్లో కసానే వెళ్లాం. తిరిగొచ్చే రోజు చోబే నది ఒడ్డున ఇంకో చుట్టు కొడదామన్నారు. మూడు దాటింది. ఈ రాత్రికి ఇక్కడే పడుకుందామని నేనంటే, దూరాన్ని వేగంతో భాగించి "తొమ్మిదింటికి ఇంట్లో ఉంటాం" అన్నారు. పాండమటెంగా అనే ఊరు దాటాక చిమ్మచీకటి. రోడ్డు మీద చెట్ల మొదళ్లేమిటా అనుకున్నాను. అవి కదిలాయి. ఏనుగు బూడిద రంగు ఒళ్లు చీకట్లో కలిసిపోతుంది, కళ్లు మన లైట్లకి అందని ఎత్తులో ఉంటాయి, జింక కళ్లలా మెరవవు. మామయ్య బ్రేకు తొక్కారు, కారు జారి గోతిలోకి దిగింది. ఏనుగు వెనక దాని పిల్ల. చెవులు విప్పి రెండడుగులు మా మీదికొచ్చి ఆగింది. మీ వదిన నా ఒళ్లో ఉంది, ఏడవకుండా నోరు మూసి పట్టుకున్నాను. అది వెళ్లిపోయాక కూడా దిగే ధైర్యం లేక తెల్లవార్లూ కారులోనే కూర్చున్నాం. పొద్దున ఒక లారీ డ్రైవరు తాడు కట్టి లాగాడు. వాళ్ల సెత్స్వానా భాషలో మామయ్యని తిట్టిన తిట్లు నాకు సగమే అర్థమయ్యాయి, ఆ సగమే చాలు.

ఆ తర్వాత ఏ ప్రయాణంలోనైనా నాలుగింటికే బండి ఆపేవారు. ఎందుకండీ అంటే "టీ తాగాలి" అనేవారు. తప్పు ఒప్పుకునే మనిషి కాదు పాపం. ఆయనుంటే ఈ ఉత్తరం ఆయనే రాసేవారు, ఏనుగు సంగతి మాత్రం దాచేసి.

కాబట్టి నాటాలో పడుకుని తెల్లారాక బయల్దేరండి. ఏనుగు ఎదురైతే హారన్ కొట్టకు, తల్లికీ పిల్లకీ మధ్య దూరకు, మెల్లగా వెనక్కి జరుగు. మదమెక్కి కణతల దగ్గర తడి కారుతున్న మగదైతే ఫోటో కోసం కూడా ఆగకు. కారులో నారింజలూ నిమ్మకాయలూ వద్దు, ఆ వాసనకి ఏనుగులు వెతుక్కుంటూ వస్తాయి. జింబాబ్వేలోని మానా పూల్స్ పార్కులోకి ఆ జాతి పళ్లనే రానివ్వరు. పులిహోర చింతపండుతోనే కలపమను అమ్మాయిని.

గ్రేట్ జింబాబ్వే పాత రాతి నగరానికి ఒక్క పూటే పెట్టావు. సున్నం చుక్క లేకుండా రాయి మీద రాయి పేర్చి 11 మీటర్ల ఎత్తు లేపిన గోడరా అది! ఆఫ్రికా వాళ్లు కట్టింది కాదని అప్పట్లో ఆ దేశాన్నేలిన తెల్లవాళ్ల ప్రభుత్వం చాలా ఏళ్లు బుకాయించింది. ఆ కథ గైడు నోటనే పిల్లలకి వినిపించు. దానికన్నా ముందుదైన పాత రాజధాని మపుంగుబ్వే, దక్షిణాఫ్రికా సరిహద్దులో మీ తిరుగు దారికి దగ్గర్లోనే ఉంది. అక్కడి గాజుపూసల్లో హిందూ మహాసముద్రం దాటి మన దేశం నుంచి వెళ్లినవీ ఉన్నాయి. రోజులు చాలకపోతే విక్టోరియా జలపాతం దగ్గర ఒక రోజు తగ్గించుకో, దారిలో మాత్రం తగ్గించకు.

రోజూ అయిదింటికి బండి ఆపి నాకు మెసేజ్ పెట్టు. ఇక్కడ ఎనిమిదిన్నరవుతుంది, మెలకువగానే ఉంటాను. తొమ్మిదిన్నరకీ రాకపోతే మీ నాన్నకి ఫోన్ చేస్తాను. వాడి కంగారు సంగతి నీకు తెలుసుగా.

మీ అత్త