మిక్సీ తీసుకెళ్లిపోయారు, డబ్బు ఇవ్వనంటున్నారు

ప్రశ్న: మాది గాజువాక. ఒక ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లో 6,490 రూపాయలకు మూడు జార్ల మిక్సీ కొన్నాను. మొదటిసారి మినపప్పు వేయగానే మాడు వాసన వచ్చి మోటారు ఆగిపోయింది. రిటర్న్ పెట్టాను. పికప్ కుర్రాడు వచ్చి, పెట్టె విప్పి చూసి, ఫొటోలు తీసుకుని, ఓటీపీ చెప్పించుకుని పట్టుకెళ్లాడు. వారం తర్వాత ‘చట్నీ జారు లేదు, రీఫండ్ కుదరదు’ అని మెసేజ్ వచ్చింది. యాప్ వాళ్లేమో ‘మేము మధ్యవర్తులం, సెల్లర్‌తో తేల్చుకోండి’ అంటున్నారు. సెల్లర్ సూరత్‌లో ఉన్నాడట, ఫోన్ ఎత్తడు. కేసు వేయాలంటే బెంగళూరులోనే వేయాలని యాప్ నిబంధనల్లో రాసి ఉంది. ఈ మాత్రం డబ్బుకు లాయరును పెట్టుకుంటే గిట్టుబాటవుతుందా? మా చెల్లెలు కంచరపాలెంలో టిఫిన్ బండి నడుపుతోంది. తనూ ఇలాగే గ్రైండర్ కొని ఇబ్బంది పడుతోంది. తనకూ ఇదే చట్టం వర్తిస్తుందా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ముందు బెంగళూరు టెన్షన్ వదిలేయండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. అవతలివాళ్లు ఉన్నచోటో, వ్యవహారం నడిచిన చోటో వేయాల్సి వచ్చేది. యాప్ వాళ్లు తమ నిబంధనల్లో ఏ ఊరి పేరు రాసుకున్నా చట్టం ఇచ్చిన హక్కు పోదు. విశాఖపట్నంలోనే రెండు జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్ వింటుంది. 5 లక్షల వరకు ఫిర్యాదు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. లాయరునై ఉండి చెబుతున్నాను, ఈ మొత్తానికి మాకు ఫీజు కట్టడం దండగ.

ఇక అసలు విషయం. ‘మేము మధ్యవర్తులం’ అనే మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. మీ కేసులో ఆ మాట నిలవడం కష్టం. డబ్బు కట్టించుకున్నది యాప్. రిటర్న్ ఒప్పుకున్నది, మనిషిని పంపింది, ఓటీపీ తీసుకున్నది కూడా యాప్ ద్వారానే. మిక్సీ చెడిపోవడం సెల్లర్ వైపు లోపం కావచ్చు. కానీ మీ గుమ్మంలో అప్పగించిన వస్తువు గోడౌన్ చేరేలోపు ఏమైందో జవాబు చెప్పాల్సింది తీసుకెళ్లినవాళ్లే. అందుకే ఫిర్యాదులో సెల్లర్‌ను, యాప్ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఎవరి వాటా ఎంతో వాళ్లిద్దరూ తేల్చుకుంటారు.

2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు మీకు బాగా పనికొస్తాయి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని గానీ, డబ్బు తిరిగి ఇవ్వనని గానీ సెల్లర్ అనకూడదు. ప్రతి యాప్‌కూ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) ఉండాలి, ఆయన పేరు, ఫోన్ లేదా ఈమెయిల్ యాప్‌లోనే కనిపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కొన్నవాళ్లు రాతపూర్వకంగా అడిగితే సెల్లర్ చిరునామా ఇవ్వాల్సిన బాధ్యత కూడా యాప్‌దే. సూరత్ సెల్లర్ ఫోన్ ఎత్తకపోయినా చిరునామా దొరికే దారి ఇది.

మీ కేసు మొత్తం ఆ జారు మీదే ఆధారపడి ఉంది కాబట్టి గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాసే మెయిల్‌లో ‘నా డబ్బు ఇప్పించండి’ అని మాత్రమే రాసి ఊరుకోకండి. పికప్ సమయంలో తీసిన ఫొటోలు, కుర్రాడు ఫోన్‌లో టిక్ పెట్టిన వివరాలు, అప్పుడు పార్సిల్ తూకం వేసి ఉంటే ఆ బరువు, గోడౌన్‌లో పెట్టె విప్పినప్పటి వీడియో పంపమని అడగండి. జారు లేకపోతే పికప్ అప్పుడే ఎందుకు తిప్పి పంపలేదో కూడా అడగండి. ఇవన్నీ వాళ్ల చేతిలో ఉండే ఆధారాలు. అడిగినా ఇవ్వకపోతే, ఉన్న ఆధారం దాచారని కమిషన్ ముందు గట్టిగా చెప్పవచ్చు. ఆ మెయిలే రేపు మీకు పెద్ద సాక్ష్యం.

మీ వైపు ఉన్నవి ఈరోజే దాచుకోండి. బిల్లు, ఆ మిక్సీ అమ్మకం పేజీ, ‘పికప్ పూర్తయింది’ అన్న మెసేజ్, రీఫండ్ నిరాకరించిన మెసేజ్, బ్యాంకు స్టేట్‌మెంట్. చాట్ సంభాషణ కొన్నాళ్లకు కనిపించకుండా పోవచ్చు, స్క్రీన్‌షాట్లు తీయండి. చాట్ చివర ‘మీ సమస్య తీరిందా?’ అని వస్తే అలవాటుగా అవునని నొక్కేయకండి. 500 రూపాయల కూపన్ ఇస్తామంటే, వివాదం తీరినట్టేనన్న షరతు ఏమైనా ఉందేమో చదవకుండా తీసుకోవద్దు. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ చెల్లింపు మీద అభ్యంతరం) కూడా వేయండి. దానికి గడువు ఉంటుంది, ఆలస్యం చేయొద్దు.

ఇంకొక జాగ్రత్త. కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకొద్దు. రీఫండ్ కోసం తిరిగేవాళ్లకే వల వేసే దొంగ నంబర్లు అక్కడ ఉంటాయి. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ లేదు. ఎవరైనా కొట్టమన్నారంటే మోసమే. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మెయిల్‌తో పాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించండి. తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్లకు తీర్పు చెప్పే అధికారం లేదు, కంపెనీకి పంపించి జవాబు రప్పిస్తారు. ఇంత చిన్న మొత్తాలు చాలావరకు ఇక్కడే తేలిపోతాయని నా అభిప్రాయం. తేలకపోతే సెల్లర్‌కు, యాప్ కంపెనీకి ఇద్దరికీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం ప్రకారం నోటీసు తప్పనిసరి కాదు గానీ, అది చూశాక కంపెనీ లీగల్ విభాగం రంగంలోకి దిగుతుంది. చాట్‌లో మాట్లాడేవాళ్లకు లేని అధికారం వాళ్లకు ఉంటుంది.

అప్పటికీ కదలకపోతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ వేదిక ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. మిక్సీ ధర, దాని మీద వడ్డీ, పడ్డ ఇబ్బందికి పరిహారం, ఖర్చులు అడగండి. 6,490 రూపాయల మిక్సీకి 5 లక్షల పరిహారం అడిగితే మీ ఫిర్యాదు బరువే తగ్గుతుంది. కమిషన్ నోటీసు అందాక జవాబు ఇవ్వడానికి వాళ్లకు 30 రోజులు, అవసరమైతే మరో 15 రోజులు ఉంటుంది. ఆ పైన లేదు. మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది, వాస్తవంలో అంతకన్నా ఎక్కువే పడుతుంది. మధ్యలో రాజీకి వస్తే మంచిదే. అయితే డబ్బు ఖాతాలో పడ్డాకే ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. తీర్పు వచ్చినా కట్టకపోతే అమలు పిటిషన్ వేయవచ్చు. కమిషన్ ఆదేశాన్ని ధిక్కరిస్తే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు గానీ, 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

మీ చెల్లెలి విషయానికి వస్తే, వ్యాపారం కోసం కొన్నవాళ్లు మామూలుగా ఈ చట్టం కిందికి రారు. కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొని, తనే వాడుకుంటే వస్తారు. బండి దగ్గర పిండి రుబ్బుకునే గ్రైండర్ ఈ మినహాయింపు కిందికే వస్తుంది. ఆ సంగతి ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయమనండి. లేకపోతే అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే.