కొత్త నగరం, పాత అప్పు

చిరంజీవి తమ్ముడికి,

మీ ప్రాంతాన్ని ఇప్పుడున్న నగరం నుంచి విడదీసి కొత్త నగరం చేయాలన్న కమిటీలో చేరావని తెలిసింది. హద్దు గీసేస్తే పాత నగరం చేసిన అప్పు అవతలే ఉండిపోతుందని మీవాళ్లు అంటున్నారట. అందులో సగం నిజముంది. నాకు టెన్షన్ ఆ సగంతోనే.

అన్నదమ్ములు వేరుపడితే అప్పు కూడా పంచుకుంటారు. ఊళ్లకు ఆ లెక్క వేరు. అమెరికాలో లారమీ కౌంటీ నుంచి కొంత భూభాగం పోయి కొత్త కౌంటీలు ఏర్పడ్డాయి. పాత అప్పులో వాళ్లూ వాటా కట్టాలని లారమీ కోర్టుకెక్కింది. చట్టసభ వేరుగా చెప్పకపోతే అప్పు పాత కౌంటీదేనని 1870ల్లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. మీవాళ్లు పట్టుకున్నది ఈ తీర్పునే కాబోలు. కానీ "చట్టసభ చెప్పకపోతే" అన్నదే అసలు మెలిక. చెప్పకుండా ఊరుకుంటుందా? మీ ప్రాంతం నుంచి నూటికి ముప్ఫై వంతుల పన్ను వస్తోందనుకో. మీరు వెళ్లిపోతే అదే కిస్తీ మిగిలిన డెబ్బై మీద పడుతుంది. అంటే అక్కడివాళ్ల భారం నలభై శాతానికి పైగా పెరుగుతుంది. వాళ్ల ప్రతినిధులు చూస్తూ కూర్చోరు.

అప్పిచ్చినవాళ్లూ కూర్చోరు. అలబామాలో మొబైల్ అనే నగరం చార్టర్‌ను, అంటే చట్టసభ ఇచ్చిన అధికార పత్రాన్ని, 1879లో రద్దు చేసి, అదే జనానికి, దాదాపు అదే నేలకు కొత్త పేరుతో మరో సంస్థ పెట్టారు. పాత బాండ్ల (అప్పు పత్రాల) బాకీ ఆ కొత్త సంస్థదేనని 1886లో తీర్పు వచ్చింది.

కాబట్టి ముందు బాండ్ల పత్రాలు తెప్పించి, పూచీగా ఏం పెట్టారో చదువు. నీటి చార్జీల రాబడి చూపి తెచ్చిన అప్పయితే, ఆ చార్జీలు వసూలు చేసేవాళ్లే కట్టుకుంటూ పోతారు, గొడవ తక్కువ. మొత్తం పన్నుల బలం చూపి తెచ్చినదైతేనే పేచీ. ఆ అప్పు తీరేదాకా మీ ప్రాంతం మీద విడిగా పన్ను వేసే ఏర్పాటుకు ఒప్పుకోవడం మంచిదని నా అభిప్రాయం. కష్టమే, కానీ ఏళ్ల తరబడి కోర్టు ఖర్చుల కంటే నయం. లాస్ ఏంజెలెస్ నుంచి శాన్ ఫెర్నాండో వ్యాలీ విడిపోవాలన్న 2002 ప్రతిపాదనలో, పాత నగరానికి పడే లోటు పూడ్చడానికి ఏటా సొమ్ము చెల్లించాలన్న షరతు ఉంది. జనం దాన్ని భరణం అన్నారు. ఓటింగ్‌లో ఆ ప్రతిపాదనే వీగిపోయిందనుకో, అది వేరే కథ.

ఇంకోటి. ఒకసారి ఇలాంటి పంపకాల లెక్కలో నేను బాండ్లన్నీ రాసి ఉద్యోగులకు ఇవ్వాల్సిన పెన్షన్ బకాయి వదిలేశాను. పద్దులో అప్పు అని రాసి లేదు మరి! ఆఖరి సమావేశంలో అవతలి పక్షం అది బయటపెడితే నోట మాట రాలేదు.

కొత్త నగరానికి అప్పు చరిత్ర ఉండదు కనుక మొదట్లో వడ్డీ ఎక్కువే పడొచ్చు, అదీ లెక్కలో వేసుకో. పత్రాలు చేతికొచ్చాక పెన్షన్ పేజీలు ముందు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య