ముందు ప్రశ్నలు తీయండి, టేబుళ్లు తర్వాత

ప్రశ్న: బిజినెస్ అనలిస్టుగా పనిచేస్తున్నాను. ఒక హాస్పిటల్ అపాయింట్‌మెంట్ సిస్టమ్ కోసం 90 పేజీల రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ ఇంగ్లిష్‌లో ఇచ్చారు. ఎన్‌ఎల్‌పీ (మనుషుల భాషను కంప్యూటర్‌తో విశ్లేషించే) టూల్‌లో వేస్తే డేటాబేస్ టేబుళ్లు వాటంతటవే వస్తాయని మా మేనేజర్‌గారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: వస్తాయండీ. వాటిని నమ్మి డిజైన్ ఖాయం చేసుకుంటేనే ఇరుక్కుంటారు. నామవాచకాలు ఎంటిటీలు (టేబుళ్లుగా మారే విషయాలు), క్రియలు రిలేషన్‌షిప్‌లు (వాటి మధ్య సంబంధాలు) అన్న సూత్రం పాతదే. 1976లో ఈఆర్ (ఎంటిటీ-రిలేషన్‌షిప్) మోడల్‌ను ప్రతిపాదించిన పీటర్ చెన్ 1983లో ఇంగ్లిష్ వాక్యాలకు దాన్ని అన్వయించి చూపారు. ఇప్పటికీ చాలా టూల్స్ చేసేది దాదాపు అదే.

పేషంట్ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ బుక్ చేసుకుంటారని ఒక వాక్యం ఉందనుకోండి. టూల్ మూడు ఎంటిటీలు, 'బుక్' అనే రిలేషన్‌షిప్ ఇస్తుంది. నిజానికి ఆ ఇద్దరినీ కలిపేది అపాయింట్‌మెంటే. తేదీ, టైమ్, స్టేటస్ దానికే చెందుతాయి. అదే మనిషిని ఒకచోట కస్టమర్, మరోచోట మెంబర్ అని రాస్తే ఇంకో రెండు టేబుళ్లు తయారు!

కాబట్టి టూల్‌ను డాక్యుమెంట్‌లో లొసుగులు పట్టడానికి వాడండి. వర్డ్ ఫైల్ దొరికితే పీడీఎఫ్ జోలికి పోవద్దు. పీడీఎఫ్‌లో లైను తెగినచోట వాక్యమూ తెగుతుంది, పేజీ నంబర్లు మధ్యలో దూరతాయి. ఫుల్‌స్టాప్ లేని బుల్లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ముందే విడగొట్టాలి. ప్రతి వాక్యానికీ నంబర్ తప్పనిసరి. తర్వాత స్పేసీ లాంటి ఎన్‌ఎల్‌పీ ప్రోగ్రామింగ్ లైబ్రరీతో నామవాచక పదబంధాలు తీసి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో ఎక్సెల్‌లో పెట్టండి. ఒకే అర్థమున్న పదాలను కలపడం మాత్రం క్లయింట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చేసే పని.

అసలు లాభం డిపెండెన్సీ పార్సింగ్‌లో, అంటే వాక్యంలో ఏది కర్త, ఏది కర్మ అని టూల్‌తో గుర్తించడంలో ఉంది. కర్మణి వాక్యాల్లో కర్త కనిపించనివన్నీ ఏరండి. "రద్దయిన అపాయింట్‌మెంట్ వెంటనే తెలియజేయబడాలి." ఎవరు తెలపాలి? ఎవరికి? వెంటనే అంటే ఎన్ని సెకన్లలో? 'ఫాస్ట్', 'యూజర్ ఫ్రెండ్లీ', 'ఎట్సెట్రా' లాంటి మాటల లిస్టుతో ఇంకొన్ని దొరుకుతాయి.

ఒక 100 వాక్యాల్లో ఇలాంటి లొసుగులున్నవాటిని ఇద్దరు విడివిడిగా చేత్తో గుర్తించి, టూల్ ఎన్ని వదిలేసిందో చూడండి. అనవసరంగా పట్టుకున్నవాటిని చదివి కొట్టేయొచ్చు. వదిలేసినవి లైవ్‌కు వెళ్లాక బయటపడతాయి. ప్రెసిషన్ (పట్టుకున్నవాటిలో సరైనవి ఎన్ని) కాస్త తగ్గినా రీకాల్ (పట్టాల్సినవాటిలో పట్టుకున్నవి ఎన్ని) తగ్గకూడదు.

చాట్‌బాట్ వాడేటట్లయితే, క్లయింట్ అనుమతి ఉందో లేదో చూసుకున్నాకే, ప్రతి కాలమ్‌కూ ఆధారమైన వాక్యం నంబర్ అడగండి. ఆ నంబర్ తెరిచి సరిచూడండి కూడా. హాస్పిటల్ అనగానే డాక్యుమెంట్‌లో లేని ఇన్సూరెన్స్ ఐడీ తగిలించడం వాటికి మామూలే.

ప్రశ్న: క్లయింట్ సిబ్బందితో మాట్లాడి తెలుగులో రాసుకున్న నోట్సుకూ ఇది పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: అంతంతమాత్రమే. స్పేసీ లాంటిదే అయిన స్టాంజా లైబ్రరీలో తెలుగు మోడల్ ఉంది గానీ, దానికి నేర్పిన ట్రీబ్యాంకులో (వ్యాకరణ గుర్తులు పెట్టిన వాక్యాల సేకరణలో) ఉన్నవి సుమారు 1,300 వాక్యాలు, అవీ వ్యాకరణ గ్రంథంలోని ఉదాహరణలు. "బిల్ అయ్యాక ఫార్వర్డ్ చేసేస్తాం సార్" లాంటి ఆఫీసు తెలుగు దానికి కొత్త. పైగా కర్తను వదిలేయడం మనకు అలవాటు కాబట్టి, కర్త లేని వాక్యాలు ఏరమంటే సగం నోట్సు వచ్చిపడుతుంది. 'చేసేస్తాం' అంటే మేమని క్రియే చెబుతుంది. ఆ మేము బిల్లింగా, రిసెప్షనా అన్నది వాక్యంలో ఉండదు. అందుకే నోట్సు రాసేటప్పుడే మాట్లాడినవాళ్ల విభాగాన్ని ప్రతి వాక్యం పక్కన వేరే కాలమ్‌లో రాసుకోండి.