చిన్న చేతికి సరిపడే ఎయిర్ పిస్టల్: శ్రావణికి ఉత్తరం

చి. శ్రావణికి,

ఏ కంపెనీ పిస్టల్ కొంటే మంచిదని అడిగావు. కంపెనీ సంగతి చివర్లో చూద్దాం. స్టెయర్, మోరిని, వాల్తర్, పార్డిని, ఫైన్‌వెర్క్‌బావ్, వీటిలో దేన్ని స్టాండుకి బిగించి కాల్చినా 10 మీటర్ల దూరంలో పెల్లెట్లన్నీ దాదాపు ఒకే రంధ్రంలో పడతాయి. టార్గెట్ మీద 10 రింగు వెడల్పు 11.5 మిల్లీమీటర్లు. అంటే పిస్టల్ తన పని తాను చేస్తుంది, పేచీ అంతా దాన్ని పట్టుకునే చోటే. నీలాంటి చిన్న చేతికి గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి) ముందు, బ్రాండు తర్వాత.

చేయి చిన్నదని బెంగ పెట్టుకోకు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో సీనియర్ జాతీయ చాంపియన్ అయ్యేనాటికి వయసు 13. క్లబ్బులో మీకిచ్చే పిస్టళ్లకు మాత్రం చాలావరకు పెద్దవాళ్లకు సరిపోయే మీడియం గ్రిప్పే ఉంటుంది. పిల్లలు దానికే చేతిని సర్దుకుంటారు. అలా సర్దుకోవడం అలవాటైపోతే తర్వాత సొంత పిస్టల్ కొన్నా చేయి మాట వినదు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ట్రిగ్గర్ అందుతుందా లేదా. పిస్టల్ ఖాళీగా ఉందని కోచ్ చేత చూపించుకుని, బ్యారెల్ టార్గెట్ వైపే పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న సందును గ్రిప్ వెనక భాగంలో వీలైనంత పైకి ఆనించు. మధ్యవేలు ట్రిగ్గర్ గార్డు కిందికి తగలాలి. ఇప్పుడు చూపుడువేలి మొదటి కణుపు మెత్తని భాగం, కొస కాదు, ట్రిగ్గర్ బ్లేడు మధ్యలో ఆనాలి. వేలు నేరుగా వెనక్కి కదలాలి. వేలి మిగతా భాగం గ్రిప్ చెక్కకి తగలకూడదు, మధ్యలో ఒక కాగితం దూరేంత సందు ఉంటే చాలు.

ట్రిగ్గర్ దూరమైతే ఏం జరుగుతుందో ఆ చేతినే గమనించు. వేలు అందించడానికి అరచేయి తెలియకుండానే గ్రిప్ చుట్టూ పక్కకు జరుగుతుంది. దాంతో ముంజేయి, బ్యారెల్ ఒకే గీతలో ఉండవు. సైట్లు (గురి చూసే భాగాలు) సరిచేయడానికి మణికట్టు వంచుతావు. ఆ వంపు మొదటి పది షాట్లలో నిలుస్తుంది, నలభయ్యో షాటుకి కండరం అలిసి వదిలేస్తుంది. మ్యాచ్ 60 షాట్లు, 75 నిమిషాలు. పైగా వేలి కొసతో నొక్కితే బ్లేడు వెనక్కి రావడానికి బదులు పక్కకు తోసుకుపోతుంది. కుడిచేతి వాళ్లకి షాట్లు ఎడమకి వెళ్లడానికి మామూలుగా కనిపించే కారణం ఇదే. కోచ్ 'ట్రిగ్గర్ లాగేస్తున్నావ్' అంటాడు, నువ్వు ట్రిగ్గర్ మీదే నెలలు గడుపుతావు. తప్పు గ్రిప్పుది.

సరిచేసే వరుస కూడా చెబుతాను, దాన్ని తారుమారు చేయకు. మొదట అలెన్ కీతో ట్రిగ్గర్ బ్లేడు స్క్రూ వదులు చేసి, బ్లేడును పట్టాల మీద పూర్తిగా వెనక్కి, అంటే నీ చేతి వైపు జరిపి బిగించు. అప్పటికీ చాలకపోతే ఎక్స్‌ట్రా స్మాల్ గ్రిప్ వేయించు. అదీ చాలకపోతే గ్రిప్ వెనక భాగాన్ని కొద్దికొద్దిగా సాండ్‌పేపర్‌తో పల్చన చేయాలి. దీనికి హద్దుంది. చెక్క లోపల లోహపు ఫ్రేము, గ్రిప్ బిగించే బోల్టు ఉంటాయి, అక్కడికి వచ్చాక తగ్గించడానికి ఏమీ మిగలదు. ఈ మూడూ అయ్యాక కూడా వేలి కొసే అందుతోందంటే ఆ మోడల్ నీది కాదు, ఎంత చవగ్గా వచ్చినా వదిలెయ్. పెద్ద గ్రిప్ కొని చెక్కించుకుందామనే ఆలోచన ఇక్కడే బెడిసికొడుతుంది. చిన్న గ్రిప్‌కి పుట్టీ కలపడం తేలిక, పెద్దదాన్ని లోపలికి చెక్కడం కష్టం.

ట్రిగ్గర్ అందాక కళ్లు మూసుకుని పరీక్ష చెయ్యి. సరిగ్గా నిలబడి, పట్టు కుదుర్చుకుని, కళ్లు మూసి చేయి ఎత్తు, రెండు ఊపిర్లు ఆగి కళ్లు తెరువు. ముందు సైట్ వెనక సైట్ గాడిలో ఎక్కడ ఉంది? ఐదారుసార్లు చేసి రాసుకో. ప్రతిసారీ ఒకే పక్కకి కనిపిస్తే గ్రిప్‌ని అటూ ఇటూ తిప్పే స్క్రూతో సరిచేయాలి. పైకో కిందికో కనిపిస్తే గ్రిప్ వంపు మార్చాలి. చాలా మ్యాచ్ పిస్టళ్లలో ఈ రెండు సర్దుబాట్లూ ఉంటాయి. ఒక్కోసారి ఒక్కో వైపు కనిపిస్తే అది స్క్రూ పని కాదు, చేయి ప్రతిసారీ వేరే చోట కూర్చుంటోందన్నమాట. గ్రిప్‌లో ఎక్కడో ఖాళీ ఉంది.

ఆ ఖాళీ ఎక్కడో కనిపెట్టడానికి టాల్కమ్ పౌడర్ చాలు. అరచేతికి పల్చగా రాసుకుని మామూలుగా పట్టుకుని, చేయి తీసి చూడు. చెక్క మీద తెల్లగా అంటిన చోట చేయి తగిలింది, అంటని చోట గాలి ఉంది. చిన్న చేతులకు సాధారణంగా రెండు చోట్ల తేడా కనిపిస్తుంది. ఒకటి, వేళ్ల గాళ్లు. మీడియం గ్రిప్‌లో నీ ఉంగరపువేలు గాడిలో కాకుండా రెండు గాళ్ల మధ్య గట్టు మీద కూర్చుంటుంది. ఆ గట్టు అరగదీయాలి. రెండోది, అరచేతి గుంట. అక్కడ పౌడర్ అంటకపోతే పుట్టీ నింపాలి.

పుట్టీ వేసేముందు ఒక వారం పిల్లల మోడలింగ్ క్లే అంటించి డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చేసి చూడు. బాగుందనిపిస్తేనే అసలు పుట్టీ. గ్రిప్‌ని పిస్టల్ నుంచి విప్పి పని మొదలుపెట్టు. చెక్క పొడి ట్రిగ్గర్ భాగంలో పడితే బాగుచేయడం పెద్ద తలనొప్పి, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అయితే మరీను. రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ పుట్టీ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. రెండూ సమానంగా కలిపి, ఒక్కసారికి 2 మిల్లీమీటర్లు మించకుండా వెయ్యి. మీద పల్చని ప్లాస్టిక్ కవరు పరిచి, చేతికి గ్లవ్ తొడుక్కుని, పుట్టీ కాస్త మెత్తగా ఉండగానే గ్రిప్‌ని తిరిగి బిగించి షూటింగ్ భంగిమలో నిలబడి పట్టుకో. కుర్చీలో కూర్చుని పట్టుకుంటే మణికట్టు కోణం వేరు, అచ్చూ వేరుగా పడుతుంది. గట్టిపడ్డాక మళ్లీ విప్పి ముందు 120 నంబరు, తర్వాత 220 నంబరు సాండ్‌పేపర్. మరీ నున్నగా చేయకు, మన ఎండల్లో చెమటకి జారుతుంది. ఈ కొలతలన్నీ ఒక అరగంట ప్రాక్టీసు అయ్యాక తీసుకో. ఏసీ గదిలో చల్లబడ్డ చేయి కాస్త సన్నబడి ఉంటుంది.

కింద పామ్ షెల్ఫ్ (అరచేతి అంచు ఆనే పలక) ఉందే, దాన్ని అరచేతి అంచుకి తగిలీ తగలనట్టు పెట్టు. గట్టిగా బిగిస్తే చేయి ఇరుక్కున్నట్టై వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చిటికెనవేలు పిండడం మొదలుపెడుతుంది. చిటికెన పిండితే బ్యారెల్ మూతి కిందికి దిగుతుంది.

బరువు విషయంలో చిన్న చేతులవాళ్లు ఎక్కువ తొందరపడతారు. నిబంధన ప్రకారం 1500 గ్రాముల వరకూ ఉండొచ్చు, మ్యాచ్ పిస్టళ్లు చాలావరకు ఒక కిలో దగ్గర్లోనే ఉంటాయి. నీకు ఇంకా ముంజేయి బలపడలేదు కాబట్టి పొట్టి బ్యారెల్ మోడళ్లు కూడా పట్టుకుని చూడు. మూతి బరువు తగ్గుతుంది. సైట్ల మధ్య దూరం తగ్గుతుంది కాబట్టి చిన్న తప్పు కూడా టార్గెట్ మీద పెద్దదిగా పడుతుంది. నీ వయసుకి ఆ నష్టం కన్నా చేయి వణకకపోవడమే ముఖ్యమని నా లెక్క. అదనపు బరువు బిళ్లలు వస్తే పెట్టెలోనే ఉంచు.

ఆర్డర్ చేసేముందు గ్రాఫ్ కాగితం మీద అరచేయి పరిచి, పెన్సిల్ నిలువుగా పట్టి చుట్టూ గీయి. పెన్సిల్ వాలితే చేయి పెద్దదిగా వస్తుంది. మణికట్టు మడత నుంచి మధ్యవేలి కొస దాకా, నాలుగు వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పు, చూపుడువేలి పొడవు మిల్లీమీటర్లలో రాసుకో. చేతి గీత పంపితే దాని ప్రకారం గ్రిప్ చేసిచ్చే రింక్ లాంటి తయారీదార్లు ఉన్నారు. కానీ నీ చేయి ఇంకా పెరుగుతోంది. ఇప్పుడే అంత డబ్బు పోయకు. వాడిన ఎక్స్‌ట్రా స్మాల్ గ్రిప్ దొరికితే తీసుకుని, ఆరు నెలలకోసారి పౌడర్ పరీక్ష చేసుకుంటూ ఉండు.

పోటీకి వెళ్లేముందు గ్రిప్‌ని కంట్రోల్ వాళ్లు, అంటే పరికరాలు తనిఖీ చేసేవాళ్లు, చూస్తారని మర్చిపోకు. పిస్టల్ మొత్తం 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. పుట్టీ ఎక్కువేసిన గ్రిప్ ఆ 50 దగ్గరే చిక్కుకుంటుంది. పామ్ షెల్ఫ్ పైకి వంపు తిరగకూడదు, గ్రిప్‌తో దాని కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదు. మణికట్టుకి ఏ ఊతమూ ఉండకూడదు, అది బయటికి స్పష్టంగా కనిపించాలి. ట్రిగ్గర్ విడుదల కాకుండా కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. బ్లేడు జరిపాక ఈ బరువు మారొచ్చు కనుక మళ్లీ తూచి, ఓ 520 దగ్గర పెట్టుకో.

ఇక కంపెనీ. పైన చెప్పినవాటిలో నీ క్లబ్బులో ఎవరి దగ్గర ఏదుంటే అది అడిగి పట్టుకుని చూడు, ట్రిగ్గర్ దేంట్లో తేలిగ్గా అందితే అదే. ధర సమానంగా ఉంటే మీ ఊళ్లో సీళ్లు, విడిభాగాలు దొరికేది, సిలిండర్‌లో గాలి నింపే అడాప్టర్ క్లబ్బు పంపుకి సరిపోయేది తీసుకో. పాత పిస్టల్ అయితే సిలిండర్ మీద తయారీ తేదీ చూడు, పదేళ్లు దాటినదైతే కొత్త సిలిండర్ ఖర్చు ధరలోంచి తీసేసి బేరమాడు.

అక్కనీ బావగార్నీ అడిగానని చెప్పు. చేతి గీత గీశాక ఫోటో తీసి పంపు, చూపుడువేలి కొలత మాత్రం మర్చిపోకుండా రాయి.

మావయ్య